క్షవరానికి మూడు స్టార్లు, వివరానికి ఐదు

టెక్సస్‌లోని కాలేజ్ స్టేషన్ ఊళ్లో నేను నాలుగేళ్లకు పైగా కటింగ్ చేయించుకుంటున్న షాపు గురించి ఇది. పేరు రాయడం లేదు. బోర్డు మీద పేరు ఎండకి చెరిగిపోయి ‘బార్బర్’ అన్న మాట ఒక్కటే మిగిలింది. పైగా నా ఎడమ చెంప సంగతి కూడా చెప్పబోతున్నాను కాబట్టి పెద్దాయన్ని బజారుకెక్కించడం నాకిష్టం లేదు. టెక్సస్ అవెన్యూ మీద పక్క ఊరు బ్రయాన్ వైపు వెళ్తుంటే, లాండ్రీ పక్కన, ఎరుపు తెలుపు నీలం గీతల గొట్టం తిరుగుతూ కనిపిస్తుంది. గొట్టం ఆగి ఉంటే షాపు మూశారని వెనక్కి తిరగొద్దు. ఏడాదిలో సగం రోజులు అది పాడైపోయి ఉంటుంది. తలుపు తోసి చూడండి.

ముందు డబ్బు లెక్క. 2021 ఆగస్టులో ఎమ్మెస్‌కి వచ్చినప్పుడు 18 డాలర్లు, ఇప్పుడు 25. మీద టిప్పు ఒక 5 ఇవ్వండి, ఇవ్వకపోయినా మొహం మాడ్చుకోరు. క్యాష్ మాత్రమే. అపాయింట్‌మెంట్లు లేవు, వెళ్లి కూర్చోవడమే. ఆదివారం, సోమవారం సెలవు. ఆఖర్లో మెడ వెనక వేడి నురగ రాసి కత్తితో గీస్తారు. ఈ ఊళ్లో ఆ ధరకి అది దొరకడం గొప్పే. తెనాలిలో మా వీధి సెలూన్‌లో పటిక రాసేవాడు, ఇక్కడ ఏదో పచ్చ లోషన్ రాస్తారు. మంట మాత్రం ఒకటే.

మన పిల్లలకి ఒక మాట. వెళ్లగానే “మీడియం” అని కూర్చోకండి. మెషీన్ నంబర్లలో చెప్పాలి. పక్కలకి 2, పైన కత్తెర అంటే మన ఊళ్లో చేసినట్టే వస్తుంది. పక్కలకి 1 అన్నారో, మీ అమ్మగారు వీడియో కాల్‌లో తిరుపతి ఎప్పుడెళ్లావని అడుగుతారు.

కుర్చీలు మూడు. మొదటి కుర్చీ ఓనర్‌ది. డెబ్బై దాటాయి, తెల్ల మీసం. ఈ ఊరి యూనివర్సిటీ టెక్సస్ ఏ అండ్ ఎంలో చదవలేదు, కానీ ఈ ఊళ్లోనే పుట్టి పెరిగాడు. నా పేరు నోరు తిరక్క ‘ఇంజనీర్’ అని పిలుస్తాడు. రెండో కుర్చీలో లూసియానా నుంచి వచ్చినావిడ. అక్కడి యూనివర్సిటీ ఎల్‌ఎస్‌యూ జట్టు అంటే ప్రాణం, కుర్చీకి ఊదా పసుపు రంగుల టవల్ వేలాడదీసుకుంటుంది. వచ్చినవాడు అరవై ఏళ్ల తాతైనా సరే ‘బేబీ’ అంటుంది. మూడో కుర్చీలో ఒక మెక్సికన్ కుర్రాడు. ఫేడ్ కావాలంటే అతని దగ్గరికే వెళ్లండి, షాపులో అసలు పనివాడు అతనే. ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడేది అని అతని నమ్మకం కాబట్టి మిగతా ఇద్దరి గొడవలో తల దూర్చడు. పని కూడా అందుకే బాగుంటుందేమో.

మిగతా ఇద్దరి గొడవ జింబో ఫిషర్, ఏ అండ్ ఎం ఫుట్‌బాల్ జట్టు పాత కోచ్.

కొత్తవాళ్లకి చెప్పాలి. ఇక్కడ కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ అంటే మన క్రికెట్ కోచ్‌లాంటివాడు కాదు. ఊరూరా తిరిగి హైస్కూల్ పిల్లల్ని ఏరుకొచ్చేదీ ఆయనే, వాళ్ల అమ్మానాన్నల్ని ఒప్పించేదీ ఆయనే, జింబో విషయంలోనైతే ఏ బంతికి ఏ ఎత్తు వేయాలో చెప్పిందీ ఎక్కువ కాలం ఆయనే. ఫ్లోరిడా స్టేట్‌కి 2013 సీజన్‌లో జాతీయ టైటిల్ తెచ్చాడు. ఏ అండ్ ఎం ఆఖరి జాతీయ టైటిల్ 1939 నాటిది. 2017 డిసెంబర్‌లో ఆయన్ని పదేళ్లకి 75 మిలియన్ డాలర్లకి తెచ్చుకున్నారు, మొత్తం గ్యారంటీ. వచ్చిన కొత్తల్లో యూనివర్సిటీ ఛాన్సలర్ జాన్ షార్ప్ ఆయనకి జాతీయ చాంపియన్లు అని చెక్కించిన ఫలకం ఒకటి ఇచ్చాడు. సంవత్సరం దగ్గర 20 వేసి, పక్కన ఖాళీ వదిలి. బిడ్డ పుట్టకముందే ఉయ్యాల కట్టినట్టు.

ఆ ఖాళీ నిండలేదు. 2023 నవంబర్ 12న, మిసిసిపీ స్టేట్‌ని 51-10తో ఓడించిన మర్నాడే, తీసేశారు. మిగిలిన ఒప్పందానికి కట్టాల్సిన డబ్బు సుమారు 76 మిలియన్ డాలర్లు. మన లెక్కలో 640 కోట్ల దాకా. అరవై రోజుల్లో 19 మిలియన్లు, ఆ తర్వాత ఏటా 7 మిలియన్ల చొప్పున 2031 వరకు. ఇంకోచోట ఉద్యోగం దొరికినా పైసా తగ్గదు. అప్పటికి ఇలా ఇంటికి పంపడానికి ఎక్కువ ఇచ్చింది ఆబర్న్ యూనివర్సిటీ వాళ్లు, 2020లో గస్ మల్జాన్‌కి 21 మిలియన్లు. ఈ డబ్బు ట్యూషన్ ఫీజులోది కాదు, క్రీడా విభాగానిదీ దాతలదీ అని యూనివర్సిటీ చెప్పింది. అయినా గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా నెల జీతం లెక్కపెట్టుకుంటూ బతికిన మా రూమ్మేట్లకి ఆ వారం అన్నం సయించలేదు.

ఇప్పుడు షాపులోకి వద్దాం.

పెద్దాయన లెక్కలో జింబో కథ మొత్తం ఒక్క రోజు, 2022 సెప్టెంబర్ 10. ఆ రోజు అపలాచియన్ స్టేట్ అనే చిన్న జట్టుకి 15 లక్షల డాలర్లు ఇచ్చి ఇక్కడి స్టేడియం కైల్ ఫీల్డ్‌కి పిలిపించారు. ఇలాంటి మ్యాచ్‌లు పెళ్లికి ముందు జరిగే స్నాతకంలాంటివి, ఫలితం ముందే తెలిసి ఉండాలి. వాళ్లొచ్చి 17-14తో గెలిచి, చెక్కు తీసుకుని వెళ్లిపోయారు. ఆ ఏడాది జట్టు 5 గెలిచి 7 ఓడింది. ఆ మ్యాచ్ పేరెత్తితే పెద్దాయన కత్తెర గాల్లోనే ఆగిపోతుంది. “డబ్బిచ్చి తన్నించుకున్నాం, ఇంజనీర్. డబ్బిచ్చి!” అంటాడు.

రెండో కుర్చీ ఆవిడ జింబో పక్షం. జింబో 2000 నుంచి 2006 దాకా ఎల్‌ఎస్‌యూలో అఫెన్స్ కోఆర్డినేటర్, 2003 జాతీయ టైటిల్‌లో ఆయన చేయి ఉంది. అంచేత ఆవిడకి ఆయన పుట్టింటివాడి కింద లెక్క. 2020 సంగతి తెస్తుంది. కోవిడ్ ఏడాది, 9 గెలిచి ఒక్క అలబామా చేతిలోనే ఓడారు. జాతీయ టైటిల్ తేల్చే ప్లేఆఫ్‌కి అప్పట్లో నాలుగే జట్లు. కాన్ఫరెన్స్ ఫైనల్లో క్లెమ్సన్ చేతిలో 34-10తో చిత్తుగా ఓడిన నోటర్ డామ్‌ని నాలుగో జట్టుగా తీసుకుని వీళ్లని ఐదులో వదిలేశారు. వీళ్లు ఆరెంజ్ బౌల్ గెలిచి సీజన్ ముగించారు. “ఆ సీటు ఇచ్చి ఉంటే ఈయనకి మీరు విగ్రహం పెట్టేవాళ్లు, బేబీ” అంటుంది పెద్దాయనతో. పెద్దాయన వెంటనే 2018లో ఎల్‌ఎస్‌యూ మీద ఏడు ఓవర్‌టైమ్‌లు ఆడి 74-72తో గెలిచిన మ్యాచ్ ఎత్తుతాడు. ఆవిడ అంపైర్ల వంశాలు ఎత్తుతుంది. అదీ జింబో గెలుపే కదా అని మధ్యలో మనం అనకూడదు. నేనొకసారి అన్నాను. ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

నాది ఎటు పక్షమంటే, నేను ఈ ఊరొచ్చిన ఆరో వారంలో అలబామా మ్యాచ్ చూశాను. 2021 అక్టోబర్ 9. సీనియర్లతో పాటు సోమవారం క్యూలో నిలబడి టికెట్ తెచ్చుకున్నాను. ఆటలో ఒక్క రూలూ తెలియదు. లక్షమంది పట్టే స్టేడియంలో స్టూడెంట్లు మొదటి నిమిషం నుంచి ఆఖరి నిమిషం దాకా నిలబడే ఉంటారు, అది ఇక్కడి వ్రతం. నాలుగు గంటలు నిలబడ్డాను. దెబ్బ తగిలి లోపలికెళ్లిన జాక్ కాల్జాడా తిరిగొచ్చాడు, ఆఖరి క్షణంలో సెత్ స్మాల్ బంతిని తన్నాడు, 41-38. అప్పటిదాకా తన దగ్గర పనిచేసి వెళ్లిన శిష్యులెవరి చేతిలోనూ అలబామా కోచ్ నిక్ సేబన్ ఓడలేదు, 24కి 24 గెలిచాడు. ఓడించిన మొదటి శిష్యుడు జింబో. ముక్కూ మొహం తెలియని వాళ్లు నన్ను ఎత్తుకున్నారు. ఇంటికి దూరంగా ఉన్నానన్న సంగతి ఆ రాత్రి మొదటిసారి మర్చిపోయాను. అలాంటి రాత్రి ఇచ్చినవాణ్ణి తిట్టమంటే నా నోరు రాదు.

అయితే ఇది ఎమోషన్. షాపులో ఎమోషన్ చెల్లదు, స్కోర్లే చెల్లుతాయి. ఆ మ్యాచ్‌కి వారం తర్వాత మిజోరిలో గెలిచారు. ఆ తర్వాత తీసేసే రోజు దాకా ప్రత్యర్థి సొంత మైదానంలో జింబో మళ్లీ గెలవలేదు. పెద్దాయన ఈ ముక్క అనగానే నేను నోరు మూసుకుని అద్దంలో చూసుకుంటాను.

నా చెంప సంగతి ఇక్కడ చెప్పాలి. 2023 మార్చి. ఆయన్ని అప్పటికింకా తీసేయలేదు, తీసేయాలా వద్దా అన్న దశ. నేను ఓపీటీకి, అంటే చదువయ్యాక ఇక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతికి, అప్లై చేయాలి, ఫొటో కోసం కటింగ్‌కి వెళ్లాను. పెద్దాయన కత్తి పట్టుకుని ఎడమ చెంప దగ్గర ఉన్నాడు. వెయిటింగ్ బెంచీ మీద ఎవరో “2022 రిక్రూటింగ్ బ్యాచ్ దేశంలోనే నంబర్ వన్, ఇంకో రెండేళ్లు ఆగితే చూడండి” అన్నారు. ఆయన అటు తిరిగాడు. కత్తి ఇటు తిరిగింది. ఎడమ సైడ్‌బర్న్ అర అంగుళం పైకి పోయింది. చేతిలో కత్తి ఉన్నవాడి దగ్గర ఫుట్‌బాల్ మాట ఎత్తకూడదని బెంచీ మీదున్నవాడికి తెలియాలి కదా. కుడివైపు సరిచేస్తానన్నాడు, నేనే వద్దన్నాను, అప్పటికే భయం పట్టుకుంది. డబ్బు తీసుకోలేదు. ఆ ఫొటోతోనే కార్డొచ్చింది. ఏడాది పాటు ఏ హెచ్‌ఆర్‌కి కార్డు పంపినా ఒక చెంప ఎత్తు, ఒక చెంప పల్లం. కటింగ్‌కి నేను తగ్గించిన రెండు స్టార్లలో ఒకటి అందుకు. రెండోది అడిగిన దానికన్నా ఎప్పుడూ కొంచెం పొట్టిగానే కత్తిరిస్తారని.

ఆ బెంచీ మనిషి మాట పూర్తిగా తప్పేం కాదని తర్వాత తేలింది, పూర్తిగా నిజమూ కాదు. ఆ బ్యాచ్‌లో చాలామంది వేరే కాలేజీలకి చెదిరిపోయారు. వాల్టర్ నోలెన్ ఓల్ మిస్ వెళ్లాడు, షెమార్ స్టూవర్ట్ ఇక్కడే ఉన్నాడు. ప్రొఫెషనల్ జట్లు కాలేజీ ఆటగాళ్లని ఏరుకునే ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో 2025లో ఇద్దరూ పక్కపక్క స్థానాల్లోనే పోయారు, 16, 17. విత్తనం మంచిదేనని రెండో కుర్చీ అంటుంది. పండించడం చేతకానప్పుడు విత్తనం సంగతి ఎందుకని మొదటి కుర్చీ అంటుంది. మా నాన్న రైతు కాబట్టి ఈ విషయంలో పెద్దాయన వైపే మొగ్గుతాను.

నన్నడిగితే అసలు దోషం ఇంకోచోట ఉంది. 9-1 సీజన్ చూసి పొంగిపోయి, 2021 సెప్టెంబర్‌లో, అంటే ఆరేళ్లకు పైగా ఒప్పందం ఇంకా మిగిలుండగానే, దాన్ని 2031 దాకా, ఏడాదికి 9 మిలియన్లకు పైగా జీతంతో పొడిగించారు. ఎల్‌ఎస్‌యూ వాళ్లు ఎగరేసుకుపోతారని భయపడ్డారని షాపులో అంటారు. జింబో ఎవరి మెడ మీదా కత్తి పెట్టి సంతకం చేయించుకోలేదు. ఇస్తామన్నారు, తీసుకున్నాడు. ఆరేళ్లలో 45 గెలుపులు, 25 ఓటములు. మామూలు జీతానికైతే పర్వాలేదనిపించే కోచ్. ఆ జీతం వల్లే పనికిరానివాడయ్యాడు. ఆయన కన్నా ముందున్న కెవిన్ సమ్లిన్ 51 గెలిచి 26 ఓడాడు, ఆయన్నీ తీసేశారు. జీతం పెంచారే గానీ స్కోరు పెరగలేదు.

తీసేసిన వారం నేను కావాలని కటింగ్‌కి వెళ్లాను, జుట్టు పెరగకపోయినా. అప్పటికి మన సామెత ఒకటి మనసులో మెదులుతోంది. క్షవరం అయితే గానీ వివరం తెలియదు. పెద్దాయనకి విడమర్చి చెప్పాను. మా భాషలో క్షవరం అంటే మీరు చేసేది, డబ్బు మొత్తం పోవడం కూడా అని. ఆయన నవ్వి నవ్వి కుర్చీ పట్టుకున్నాడు. “మీ భాష కనిపెట్టినవాడు బార్బర్ అయి ఉంటాడు” అన్నాడు. ఒక కాగితం మీద తెలుగులో రాయించుకున్నాడు. అది ఇప్పటికీ ఆయన అద్దానికి ఎడమ మూల అతికించి ఉంది. కింద ఇంగ్లీషులో ఆయన చేత్తో ‘76,000,000’ అని రాసుకున్నాడు. మీరు వెళ్తే చూడండి. చేతిరాత నాదే, ‘క్ష’ కొంచెం వంకరగా ఉంటుంది.

ఆ కాగితం చూసినప్పుడల్లా రెండో కుర్చీ ఆవిడ రెండేళ్లు నవ్వింది. జింబో మంచోడే, మీరే మోసపోయారు అని. వాళ్ల జట్టుకి కోచ్‌గా బ్రయాన్ కెల్లీ ఉన్నాడు కదా మరి, పదేళ్లకి 95 మిలియన్లు.

2025 అక్టోబర్ 25న బ్యాటన్ రూజ్‌లో, వాళ్ల సొంత మైదానంలో, ఏ అండ్ ఎం 49-25తో గెలిచింది. మర్నాడే కెల్లీని తీసేశారు. ఆయనకి ఇవ్వాల్సింది 50 మిలియన్లు దాటుతుంది. ఇంకా ఉంది. కెల్లీని తెచ్చిన క్రీడా డైరెక్టర్ స్కాట్ వుడ్‌వర్డ్. అంతకుముందు ఏ అండ్ ఎంలో ఉండి జింబోని తెచ్చిందీ ఆయనే. లూసియానా గవర్నర్ బయటికొచ్చి, తర్వాతి కోచ్‌ని ఈ మనిషి ఎంచడానికి వీల్లేదన్నాడు, టెక్సస్‌లో జింబోతో చేసిన ఒప్పందం కూడా ఎత్తి చూపాడు. కొన్ని రోజుల్లోనే వుడ్‌వర్డ్ ఉద్యోగం కూడా పోయింది. న్యాయంగా చెప్పాలంటే ఇంత డబ్బు పోవడానికి కారణమైన 2021 పొడిగింపు నాటికి ఇక్కడ డైరెక్టర్ వుడ్‌వర్డ్ కాదు, రాస్ బ్యోర్క్. ఆ మాట నేను అందామనుకున్నాను, కానీ కత్తి అప్పుడు నా మెడ మీద ఉంది.

ఆ మంగళవారం షాపులో నిశ్శబ్దం. పెద్దాయన ఒక్క మాట అనలేదు. అంటాడని నేను, మూడో కుర్చీ కుర్రాడు కూడా ఎదురుచూశాం. ఆయన టీవీ సౌండ్ తగ్గించి, ఆవిడకి కాఫీ తెచ్చిచ్చాడు. జింబోని ఇక్కడ ఎంత తిట్టుకున్నా, పోయినవాడి వెనక ఒక వారం ఊరుకోవడం ఒక పద్ధతి అన్నట్టు.

ఆ సీజన్లో జింబో తర్వాత ఇక్కడికి కోచ్‌గా వచ్చిన మైక్ ఎల్కో జట్టు వరుసగా 11 గెలిచి, తర్వాత టెక్సస్‌తో ఓడి, మొదటిసారి ప్లేఆఫ్‌కి వెళ్లింది. ఎల్కో 2018 నుంచి 2021 దాకా జింబో దగ్గరే డిఫెన్స్ కోఆర్డినేటర్. అంటే ఇది జింబో వేసిన చెట్టు కాయా, జింబో పోయాక వచ్చిన కాయా అన్నది కొత్త గొడవ. మొదటి రౌండ్లోనే కైల్ ఫీల్డ్‌లో మయామీ చేతిలో 10-3తో ఓడాక గొడవ ఇంకా ముదిరింది. నెలకొకసారి వెళ్తేనే అందుతుంది, లేకపోతే పాయింటు మిస్సవుతారు.

ఆ మంగళవారం కాఫీ తాగాక రెండో కుర్చీ ఆవిడ నన్ను పిలిచింది. పెద్దాయన అద్దం వైపు చూపించి, “అదేదో నాకూ ఒకటి రాసిపెట్టు, బేబీ” అంది. రసీదు వెనక రాసిచ్చాను. ఈసారి ‘క్ష’ బాగానే వచ్చింది. కింద అంకె ఆవిడే వేసుకుంది.

హోమ్ మ్యాచ్ ఉన్న శనివారం మధ్యాహ్నం దాకే తెరుస్తారు, బయటూళ్ల జనంతో బెంచీ నిండిపోతుంది. ఫొటో దిగాల్సిన పనుంటే ఆ రోజు మాత్రం వెళ్లకండి.